నార తీసే మెషీన్‌ను నిజంగానే తొక్కేశారా?

గోంగూర ఆకు ఒలిచాక మిగిలిన కాడను ఎప్పుడైనా విరిచి చూశారా? లోపలి పుల్ల టప్పున విరుగుతుంది. పైతోలు మాత్రం విరగదు. రెండు ముక్కలూ ఆ తోలు పట్టుకుని వేలాడుతుంటాయి. లాగితే కాడ పొడవునా పట్టీలా ఊడొస్తుంది, వేళ్లకు కాస్త జిగురు అంటుతుంది. విరిగే పుల్ల, విరగని తోలు, వాటిని పట్టి ఉంచే జిగురు. ఈ మూడింటినీ మెషీన్‌తో విడదీయాలని మనిషి 150 ఏళ్లకు పైగా తంటాలు పడుతున్నాడు.

ఆ తంటాల్లోంచి పుట్టిన ఒక కథ వాట్సాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ తిరుగుతూనే ఉంటుంది. వందేళ్ల కిందట అమెరికాలో ఒకాయన హెంప్ కాండం నుంచి నార తీసే అద్భుతమైన మెషీన్ కనిపెట్టాడట. అది గనక నిలబడి ఉంటే కాగితం కోసం చెట్లు కొట్టే పనే ఉండేది కాదట. అడవులున్న పత్రికాధిపతి, నైలాన్ కనిపెట్టిన కెమికల్ కంపెనీ కలిసి 1937లో గంజాయి చట్టం తెప్పించి దాన్ని తొక్కేశారట. ఇందులో నిజమూ ఉంది, కల్పనా ఉంది. నారకు పుల్ల అంటుకున్నట్టు రెండూ అంటుకుని ఉన్నాయి.

ముందు పేర్ల చిక్కు

ఇంగ్లిష్‌లో హెంప్ అన్నదాన్ని తెలుగులో చాలామంది 'జనపనార' అని రాసేస్తున్నారు. మనకు జనపనార అంటే గోనె సంచుల జూట్. పొలంలో పచ్చిరొట్టగా వేసి దున్నేసే జనుము ఇంకో మొక్క. దాని నారతోనూ పగ్గాలు, పలుపులు పేనేవారు. గోగు మరొకటి. దాని లేత ఆకే గోంగూర, తెలంగాణలో పుంటికూర. ముదిరిన కాండం నుంచి వచ్చేది గోగునార. హెంప్ వీటిలో ఏదీ కాదు. అది గంజాయి జాతి మొక్కే. కాకపోతే నార కోసం పెంచే రకాల్లో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం నామమాత్రంగా ఉంటుంది. ఇవాళ అమెరికా చట్టం ఆ హద్దును 0.3 శాతంగా పెట్టింది.

తమాషా ఏమిటంటే గోగుకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు హైబిస్కస్ కన్నాబినస్. ఆకు గంజాయి ఆకులా చీలికలుగా ఉంటుందని ఆ 'కన్నాబినస్' తగిలించారు. మన గోంగూర పచ్చడికి గంజాయితో ఉన్న చుట్టరికం అంతవరకే.

ఈ చిక్కు వల్ల ఇక్కడ హెంప్‌ను హెంప్ అనే రాస్తాను.

ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి. గుంటూరులోనో వరంగల్‌లోనో జిన్నింగ్ మిల్లు చూసినవాళ్లు ఇదీ అలాంటిదే అనుకుంటారు. కాదు. పత్తి అంటే గింజ మీద మొలిచిన నూగు. దాన్ని గింజ నుంచి లాగేస్తే సరిపోతుంది. 1793లో ఎలై విట్నీ చేసిన జిన్ పని అదే. జూట్, గోగు, హెంప్, అవిసె మొక్కల్లో నార బయటికి కనపడదు. కాండం చుట్టూ ఉన్న బెరడులో కట్టలు కట్టలుగా ఇరుక్కుని ఉంటుంది. పత్తికి విట్నీ మెషీన్ రెండు శతాబ్దాల కిందటే కుదిరిపోయింది. నారకు అలాంటిది ఇంతవరకూ కుదరలేదంటే కారణం ఇక్కడే ఉంది.

జిగురుతోనే అసలు తగువు

బెరడులోని నారపోగులను ఒకదానికొకటి, మళ్లీ లోపలి పుల్లకు అతికించి ఉంచేది పెక్టిన్ అనే జిగురు. జామ్ గట్టిపడటానికి కారణం కూడా ఇదే పదార్థం. దీన్ని కరిగించడానికి మనవైపు పాతకాలం నుంచీ ఉన్న ఉపాయం ఒక్కటే: కోసిన కట్టలను చెరువులోనో కుంటలోనో మునిగేలా ఊరవేయడం. నీళ్లలోని బ్యాక్టీరియా రెండు మూడు వారాల్లో జిగురును తినేస్తుంది. అప్పుడు రైతు నడుం లోతు నీళ్లలో నిలబడి, కాండం మొదలును కర్రతో తట్టి, తోలు పట్టుకుని లాగుతాడు. నార జారి వస్తుంది, పుల్ల మిగులుతుంది. ఆ నీళ్ల వాసన తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

ఇందులో రోజుల లెక్క తప్పితే సరుకు పోతుంది. తక్కువ ఊరితే బెరడు ముక్కలు నారకు అంటుకునే ఉంటాయి. ఎక్కువ ఊరితే బ్యాక్టీరియా నారనే పట్టుకుంటుంది, పోగు బలం తగ్గిపోతుంది. మురికి నీళ్లలో ఊరితే రంగు నల్లబడి ధర పడిపోతుంది.

ఒక ఎకరం జూట్‌తో లెక్క వేద్దాం. పచ్చి కట్టల బరువు 16 టన్నులు అనుకుందాం. అందులో ఎండు నార 6 శాతం లెక్కన టన్నుకు కాస్త తక్కువ వస్తుంది. అంటే నీళ్ల దాకా మోసి, ముంచి, తీసిన బరువులో నూటికి 94 పాళ్లు నార కానే కాదు. కట్టల బరువుకు 20 రెట్లు నీళ్లుంటే బాగా ఊరుతుందన్నది సాధారణంగా చెప్పే కొలత. 16 టన్నులకు 320 టన్నుల నీళ్లు, అంటే 3.2 లక్షల లీటర్లు కావాలి. పదివేల లీటర్ల ట్యాంకర్లు 32. బెంగాల్‌లో వానాకాలం గుంటలు నిండితే ఇది సమస్యే కాదు. నిండకపోతే ఇదొక్కటే సమస్య.

మెషీన్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు

కాండం నుంచి నార ఉన్న తోలును ఒలిచే మెషీన్‌ను డెకార్టికేటర్ అంటారు. బెరడు తీసేది అని అర్థం. చెరకు రసం బండిని ఊహించుకుంటే సగం అర్థమైపోయినట్టే. గాళ్లున్న రోలర్ల మధ్యకు కాండాలు వెళ్తాయి. పుల్ల పెళుసు కాబట్టి ముక్కలు ముక్కలవుతుంది. తోలు సాగే గుణం వల్ల నలుగుతుందే గానీ తెగదు. ఆ తర్వాత రెక్కలున్న డ్రమ్ము వేగంగా తిరుగుతూ ఆ తోలును బాదుతుంది, అతుక్కున్న పుల్ల ముక్కలు రాలిపోతాయి. అవతలి పక్క నార పట్టీలు బయటికొస్తాయి.

చెప్పడానికి ఇంతే. చేతల్లో మాత్రం చిక్కంతా సందు దగ్గర వస్తుంది, అంటే డ్రమ్ము రెక్కకు, దాని ఎదురుగా ఉన్న పలకకు మధ్య ఖాళీ. సందు బిగిస్తే నార తెగుతుంది, వదులు చేస్తే పుల్ల ముక్కలు నారతోపాటు వచ్చేస్తాయి. కాండమేమో మొదట్లో బొటనవేలంత లావు, చివర్లో పెన్సిలంత సన్నం. మొదటికి సరిపోయిన సందు చివరికి సరిపోదు. పైగా అదే కాండం పచ్చిగా ఉంటే ఒకలా, ఎండితే ఒకలా ప్రవర్తిస్తుంది. పొడవాటి నార షాఫ్టుకు చుట్టుకుందంటే మెషీన్ ఆపి కత్తితో కోసి తీయాల్సిందే.

ఇవన్నీ దాటినా బయటికొచ్చేది పూర్తయిన నార కాదు, తోలు పట్టీ. పుల్లను మెషీన్ విరగ్గొట్టగలదు. జిగురును మాత్రం ఎంత బాదినా పూర్తిగా వదిలించలేదు. దానికి నీళ్లో, క్షారమో, ఎంజైమో మళ్లీ కావాలి. మెషీన్ వచ్చింది కాబట్టి పని అయిపోయిందని చెప్పే కథలన్నీ ఈ రెండో మెట్టు దగ్గర జారిపోతాయి.

5,000 పౌండ్లు పెట్టినా దొరకని మెషీన్

దీనికి మన దేశంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. అస్సాం వైపు పండే రియా అనే మొక్క నార పట్టులా మెరుస్తుంది, బలంగానూ ఉంటుంది. రామీ అన్నా అదే. కానీ దాని బెరడులో బంక విపరీతం. మామూలుగా నీళ్లలో ఊరేస్తే పని జరగదు. పచ్చి కాండం నుంచి నార తీసే మెషీన్ చేసినవాళ్లకు 5,000 పౌండ్లు ఇస్తామని బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ప్రకటించింది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తమేమీ కాదు.

1872లో సహారన్‌పూర్‌లో పోటీ పెడితే చివరికి బరిలో నిలిచింది ఒకే ఒక్క మెషీన్, ఎడిన్‌బరోకు చెందిన గ్రీగ్ అనే ఆయనది. అదీ షరతులు నెరవేర్చలేదు. శ్రమకు మెచ్చి 1,500 పౌండ్లు చేతిలో పెట్టారు. 1879లో అక్కడే మళ్లీ పోటీ జరిగింది. ఈసారి ఎక్కువ మెషీన్లే వచ్చాయి, పూర్తి బహుమతి మాత్రం ఎవరికీ దక్కలేదు. ఇక్కడ ఎవరూ ఎవరినీ తొక్కలేదు. డబ్బు పెట్టి పిలిచింది సాక్షాత్తూ ప్రభుత్వమే. మొక్కే లొంగలేదు.

ష్లిక్టెన్ ఏం చేశాడు

ఇక వాట్సాప్ కథలోని మనిషి దగ్గరికి వద్దాం. జార్జ్ ష్లిక్టెన్ జర్మనీలో పుట్టి అమెరికా వెళ్లినవాడు. ఏళ్ల తరబడి, చాలా డబ్బు తగలేసి నార తీసే మెషీన్ మీద పనిచేశాడు. 1919 జులై 1న అమెరికా పేటెంట్ కూడా వచ్చింది. ఇంతవరకూ కల్పన లేదు.

1917లో కాలిఫోర్నియాలో దీన్ని పరీక్షించారన్నదీ నిజమే. బేరింగుల కంపెనీతో పేరుపొందిన హెన్రీ టిమ్‌కెన్ తన భూమిలో హెంప్ వేయించాడు. పత్రికల యజమాని ఇ.డబ్ల్యు. స్క్రిప్స్ మనుషులు ఈ పుల్లతో న్యూస్‌ప్రింట్ చేయొచ్చా అని లెక్కలు వేశారు, చివరికి వద్దనుకున్నారు. ఒక పెద్ద పత్రికల గ్రూపే ఈ మెషీన్ మీద ఆశపడిందన్న సంగతి ఫార్వర్డ్‌లలో పెద్దగా కనపడదు. ష్లిక్టెన్ 1923లో చనిపోయాడు. చట్టం వచ్చింది 1937లో. మధ్యలో 14 ఏళ్లున్నాయి.

కాగితం మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1916లో అమెరికా వ్యవసాయ శాఖ వేసిన 404వ నంబరు బులెటిన్ నుంచి. రాసినవాళ్లు లిస్టర్ డ్యూయీ, జేసన్ మెరిల్. పదివేల ఎకరాల్లో ఏటా హెంప్ వేస్తే, 20 ఏళ్ల లెక్కలో, 40 వేల ఎకరాల అడవి ఇచ్చేంత కాగితపు ముడిసరుకు వస్తుందని వాళ్లు రాశారు. 'చెట్ల కన్నా నాలుగు రెట్లు' అన్న మాటకు మూలం ఇదే.

ఇప్పుడు ఆ లెక్కలోకి దిగుదాం. బులెటిన్ మాట్లాడింది నార గురించి కాదు, నార తీశాక మిగిలే పుల్ల గురించి. ఎకరానికి రెండున్నర టన్నుల పుల్ల, పదివేల ఎకరాలకు 25 వేల టన్నులు. పుల్ల చౌకగా దొరుకుతుందని ఎందుకు అనుకున్నారు? నార అమ్ముకుని రైతు తన ఖర్చు రాబట్టుకుంటాడు, పుల్ల ఎలాగూ వృథాయే కదా అని. అంటే పుల్ల చౌకగా రావాలంటే ముందు నార అమ్ముడుపోవాలి. నార కొనేవాడే లేకపోతే పంట ఖర్చంతా పుల్ల మీద పడుతుంది, అప్పుడు చెట్టే చౌక. కాగితం కథ మొత్తం నార మార్కెట్ అనే ఒక్క దారానికి వేలాడుతోంది.

కుట్ర వాదన బలం ఎంత

ఈ కథను జనంలోకి తెచ్చింది జాక్ హెరర్ అనే అమెరికన్ ఉద్యమకారుడు, 1980ల్లో. ఆయన వాదనలో బలం లేకపోలేదు. కథలోని పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్. ఆయన పత్రికలు గంజాయి మీద హడలెత్తించే కథనాలు వేసిన మాట నిజం. మత్తుమందుల విభాగం అధిపతి హ్యారీ ఆన్‌స్లింగర్ మెక్సికన్ల మీదా నల్లవాళ్ల మీదా ఉన్న భయాలను వాడుకున్నదీ నిజం. ఆయన ఆ కుర్చీ ఎక్కిన 1930లో ఆర్థిక మంత్రి ఆండ్రూ మెలన్ పెద్ద బ్యాంకరు, ఆన్‌స్లింగర్ భార్య వైపు నుంచి చుట్టరికం ఉందని కూడా చెబుతారు. డ్యూపాంట్ కంపెనీ నైలాన్ తయారుచేసింది 1935లో. రెండేళ్లకే చట్టం వచ్చింది. చుక్కలు కలిపితే బొమ్మ వస్తుంది.

అటువైపు వాళ్లు ఏమంటారంటే, హర్స్ట్ కాగితం అమ్ముకునేవాడు కాదు, టన్నుల కొద్దీ కొనేవాడు. కెనడా న్యూస్‌ప్రింట్‌కు బాకీలు, పైన అప్పులు. 1937లోనే తన కంపెనీల మీద పట్టు కోల్పోయాడు. కాగితం చౌకయితే ముందు ఎగిరి గంతేయాల్సింది ఆయనే. మెలన్ 1932లోనే పదవి దిగిపోయాడు. నైలాన్ మొదట దెబ్బకొట్టింది పట్టు మేజోళ్లను, హెంప్ తాళ్లను కాదు.

చట్టం సంగతీ చూద్దాం. 1937 చట్టం హెంప్‌ను నేరుగా నిషేధించలేదు. పండించేవాళ్లు రిజిస్టరు చేసుకుని ఏడాదికి ఒక డాలరు పన్ను కట్టాలంది. నార ఉత్పత్తిదారులు చట్టసభ కమిటీ ముందుకొచ్చి తమ మాట చెప్పుకున్నారు. పక్షుల దాణా వ్యాపారులైతే మొలకెత్తకుండా చేసిన గింజలకు మినహాయింపు కూడా తెచ్చుకున్నారు. కానీ డాలరే కదా అని తీసిపారేయడం కూడా న్యాయం కాదు. మత్తుమందుల అధికారి పొలానికొచ్చి చూసి వెళ్లే పంటను ఏ రైతు ఇష్టపడి వేస్తాడు? బ్యాంకు దానికి అప్పు ఇస్తుందా? చట్టం గొంతు పిసకలేదు గానీ ఊపిరి కష్టం చేసిందనడంలో నాకు సందేహం లేదు.

1938 ఫిబ్రవరిలో పాపులర్ మెకానిక్స్ అనే అమెరికన్ పత్రిక వేసిన వ్యాసం గురించి ఒక్క మాట. హెంప్ వంద కోట్ల డాలర్ల పంట కాబోతోందని, గంటకు రెండు మూడు టన్నులు ఆడే మెషీన్ వచ్చేసిందని అందులో ఊదరగొట్టారు. ఫార్వర్డ్‌లలో ఇది ష్లిక్టెన్ మెషీన్ అని ఉంటుంది. ఆయన పోయి అప్పటికి 15 ఏళ్లు. 'వచ్చేస్తోంది' అని పత్రికలు రాసినవన్నీ వచ్చి ఉంటే మనం ఈపాటికి ఎగిరే కార్లలో తిరుగుతుండాలి.

గట్టి పరీక్ష యుద్ధం పెట్టింది

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఫిలిప్పీన్స్‌ను పట్టుకుంది. అమెరికా నౌకాదళానికి తాళ్ల కోసం అక్కడి నుంచి వచ్చే నార ఆగిపోయింది. చట్టం చేసిన ప్రభుత్వమే రైతుల దగ్గరికొచ్చి హెంప్ వేయమంది, ప్రచార చిత్రం తీసింది, 42 మిల్లులకు డబ్బు పెట్టింది. 1930ల్లో కొద్ది వేల ఎకరాలకు మించని పంట 1943లో 1.46 లక్షల ఎకరాలకు పోయింది.

కుట్ర ఒక్కటే అడ్డమైతే, మెషీన్లు, మిల్లులు, రైతులు, అనుమతులు అన్నీ చేతిలో ఉన్న ఆ రోజుల్లో హెంప్ పాతుకుపోవాలి. యుద్ధం ముగిసి చౌక నార ఓడల్లో రావడం మొదలవగానే మిల్లులు మూతపడ్డాయి. ఆ మిల్లులు కూడా పొలంలోనే పరిచి, రాత్రి మంచుకు తడిసేలా ఊరబెట్టిన కాండాలనే ఆడించేవి. ఊరబెట్టే పని తప్పలేదన్నమాట.

ఆ చౌక సరుకులో పెద్ద వాటా మనవైపు నుంచే వెళ్లింది. ఒకప్పుడు అమెరికా పత్తి బేళ్లకు చుట్టే బరకం, తాడు కెంటకీ హెంప్‌తో చేసేవారు, అంతర్యుద్ధానికి ముందు బానిసల చేత ఒలిపించి. ఆ చోటును ఆక్రమించింది బెంగాల్ జూట్. 1855లో రిష్రాలో మొదలైన జూట్ మిల్లుల వరస హుగ్లీ ఒడ్డంతా పరుచుకుంది. దాని వెనక ఏ డెకార్టికేటరూ లేదు. చెరువు నీళ్లు ఉచితం, నడుం లోతు నీళ్లలో రోజంతా నిలబడే మనిషి కూలి అంతకన్నా కాస్త ఎక్కువ. ష్లిక్టెన్ మెషీన్ పోటీపడాల్సింది హర్స్ట్‌తో కాదు, ఆ మనిషితో. నాకు అర్థమైనంతలో దాన్ని ఓడించింది కూడా ఆ మనిషే.

ఇప్పుడు తిరగబడిన లెక్క

ఆ మనిషి ఇప్పుడు దొరకడం లేదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గోగు ఒకప్పుడు పెద్ద పంట. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులు దాని ఆసరాతో నడిచాయి. ఆమదాలవలసలో దీనికోసం పరిశోధనా కేంద్రం ఉంది. పంట తగ్గిపోవడానికి రైతులు చెప్పే కారణాల్లో ముందుండేవి ఊరబెట్టడానికి నీళ్లు, ఒలవడానికి కూలీలు. సరిగ్గా మెషీన్ తీర్చాల్సినవే.

ఇప్పటి ఆలోచన ష్లిక్టెన్ కలగన్నంత పెద్దది కాదు. మెషీన్‌తో జిగురు వదిలించే ప్రయత్నమే మానేశారు. పచ్చి కాండం నుంచి తోలు మాత్రం పట్టీగా ఒలిచి, ఆ పట్టీలనే ఊరబెడతారు. మన ఎకరం లెక్కకే వస్తే, 16 టన్నుల్లో తోలు 40 శాతం అనుకుంటే 6.4 టన్నులే నీళ్లలోకి వెళ్తాయి. అదే 20 రెట్ల కొలతలో 32 ట్యాంకర్లు కాస్తా 13 అవుతాయి. దీనికి తోడు బారక్‌పూర్‌లోని కేంద్ర జూట్ పరిశోధన సంస్థ జిగురు తినే బ్యాక్టీరియాను పొడిగా తయారుచేసి ఇస్తోంది. దాంతో ఊరే రోజులు తగ్గుతాయి. అరటి బోదె నుంచి నార తీసే చిన్న మెషీన్లూ ఈ కోవలోవే. బోదె పొరలు మెత్తన కాబట్టి అక్కడ గీరితేనే చాలావరకు పని అయిపోతుంది.

హెంప్ విషయానికొస్తే, 1985 నాటి మన మత్తుపదార్థాల చట్టంలోనే నార, గింజల కోసం పెంచడానికి అనుమతి ఇచ్చే వీలు 14వ సెక్షన్‌లో ఉంది. ఉత్తరాఖండ్ దాన్ని వాడుకుని లైసెన్సులు మొదలుపెట్టింది. గంజాయి అనగానే విశాఖ మన్యం దాడులు గుర్తొచ్చే మన దగ్గర ఆ చర్చ ఇంకా వేడెక్కలేదు.

ఒలిచే మెషీన్లు ఉన్నా అన్ని ఊళ్లకూ ఎందుకు పాకలేదంటే ధర, కరెంటు, చుట్టుకుపోయే నార, ఇలా చాలా చెబుతారు. ఒక కారణం మాత్రం ఇంజినీర్లకు ఆలస్యంగా తట్టింది. చేత్తో ఒలిస్తే పుల్ల నిలువుగా, విరగకుండా మిగులుతుంది. రైతు ఇంట్లో అది పొయ్యిలోకి, దడికి, కూరపాదుల పందిరికి పనికొస్తుంది. అమ్మితే డబ్బు కూడా. రోలర్లున్న మెషీన్ దాన్ని పిప్పి చేసి పారేస్తుంది. నార మిగిలిందని మీరంటారు, పుల్ల పోయిందని రైతు అంటాడు. అందుకే ఇప్పుడు కొన్ని నమూనాల్లో పుల్ల విరగకుండా తోలు మాత్రం ఊడొచ్చేలా రోలర్లను సరిచేస్తున్నారు, గోంగూర కాడ తోలును మనం వేళ్లతో జాగ్రత్తగా లాగినట్టు.